మంగత్త గెలిచిన దొంగ కేసెట్టు

పోయిన నెల ఒక పొద్దున మా తమ్ముడి కూతురు సాహితి ముఖం ముడుచుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల కంప్యూటర్లో ఆటలాడుతూ, ఆడేది ఆడినట్టే రికార్డు చేసి, మధ్య మధ్యలో తన మాటలు కలిపి నెట్లో పెడుతుంది. చూసేవాళ్ళు కూడా బాగానే ఉన్నారట. అందులో ఒక వీడియోని ఉన్నట్టుండి తీసేశారు. హక్కుదారులు అభ్యంతరం చెప్పారని నాలుగు లైన్ల నోటీసు వచ్చింది. దాన్ని నాకు చూపిస్తూ, "నేను ఆడిన ఆట నాది కాదా అత్తా?" అంది. నాకు చట్టం తెలియదు. బతుకంతా కథలు రాసుకున్న మనిషిని, నన్నడిగితే ఏం చెబుతాను. కాఫీ కలిపిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. సరిగ్గా ఆ ప్రశ్ననే, అంత రోషంగానూ, నా పదిహేడో ఏట మరొకరి నోట విన్నాను. అప్పుడు అడిగిన మనిషి పెదవుల మధ్య రెండు గుండుసూదులు ఉన్నాయి. సాహితికి నేను అత్తని. నాకు అత్త ఆవిడ. మంగత్త.

మంగత్త మా అమ్మ తమ్ముడు సూర్రావు మామయ్య భార్య. మామయ్యది శ్రీకాకుళం వైపు. మా నాన్న వెనకే బస్తరు వచ్చి ఇనప గనిలో డంపరు డ్రైవరుగా చేరాడు. అత్తది కుంట దగ్గర గొల్లపల్లి. ఆయన "ఏటే" అనేవాడు, ఆవిడ "ఏంది" అనేది. ఆ రెండు మాటలతోనే వాళ్ళ కాపురం సగం గడిచిపోయేది. కొండ కింద టౌన్‌షిప్‌లో మా క్వార్టరుకి వీపు ఆనించినట్టు వాళ్ళ క్వార్టరు ఉండేది. మధ్యలో ఉన్న పిట్టగోడ మీదుగా పప్పుగిన్నెలు, చింతపండు, వార్తలు ఇటూ అటూ దాటుతుండేవి. సైరన్ మోగితే షిఫ్టు బస్సు వచ్చేది. కొండ మీద నుంచి దిగిన మగవాళ్ళందరూ ఒకే రంగులో ఉండేవారు. మామయ్య పెరట్లో స్నానం చేస్తే కాలవలోకి ఎర్రనీళ్ళు పారేవి. అత్త ఆ తువ్వాలుని ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడేది కాదు. తెల్లబడదని ఆవిడకీ తెలుసు. అయినా రోజూ బండ మీద వేసి బాదేది.

ఆవిడ ముందు గదిలో పాదాలతో తొక్కే కుట్టుమిషను ఉండేది. టౌన్‌షిప్‌లో తెలుగు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడవే. హిందీవాళ్ళవి సగం. సంతకి వచ్చే గోండు ఆడవాళ్ళు కూడా ఒక్కోసారి గుడ్డ తెచ్చి గుమ్మంలో కూర్చునేవారు. అత్త వాళ్ళతో వాళ్ళ దోర్లీ భాషలో, పక్క వీధి బెంగాలీ దీదీతో హిందీలో, మా అమ్మతో తెలుగులో, ఒకే ఊపిరిలో మాట్లాడుతూ మిషను మాత్రం ఆపేది కాదు. ఆ గదికి ఒక వాసన ఉండేది. మిషను నూనె, కొత్త గుడ్డ గంజి, వేసవైతే పెరట్లో ఎండే ఇప్పపూల మత్తు తీపి. ఇప్పటికీ ఏ టైలరు షాపు ముందు నిలబడినా, ఆ మూడో వాసన కోసం నా ముక్కు వెతుక్కుంటుంది.

కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్ళు కత్తెర్లు లాగేవారు, దారపు రీళ్ళు దొర్లించేవారు. వాళ్ళని ఒక మూల కూర్చోబెట్టడానికని అత్త దంతెవాడ జాతరలో ఒక టీవీ ఆట కొన్నది. చేటంత నల్ల పెట్టె, దానికి రెండు మీటల పలకలు, పెట్టెలో గుచ్చడానికి పసుపురంగు ప్లాస్టిక్ ఆట కేసెట్లు నాలుగు. నేల మీద దుప్పటి పరిచి అమ్ముతున్న మనిషి అన్నీ విదేశీ సరుకేనని చెప్పాడట. కేసెట్ల మీద ఏ కంపెనీ పేరూ లేదు. పేరు లేనిదాన్ని అనుమానించాలని ఆ రోజుల్లో మాకెవరికీ తోచలేదు. సంతలో కొన్న కొడవలి మీద మాత్రం ఎవరి పేరుంటుంది?

నాలుగింటిలో మూడు ఆటలు పిల్లలకి వారంలో పాతబడ్డాయి. నాలుగోదానికి మేము లాంతరు ఆట అని పేరు పెట్టుకున్నాం. చేతిలో లాంతరు పట్టుకున్న ఒక పొట్టి మనిషి గనిలోకి దిగుతాడు. ఇరవై అంతస్తులు. గబ్బిలాలు తగలకుండా, పైనుంచి రాళ్ళు పడకుండా, లాంతర్లో నూనె అయిపోకుండా ఒక్కో అంతస్తూ దాటించాలి. ప్రాణం ఒక్కటే. పోతే మళ్ళీ మొదటి అంతస్తు. మామయ్య డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతూ చూసి, "మనం కొండెక్కి తవ్వుతాం, ఆడు కిందకి దిగుతున్నాడు. పైగా నెత్తి మీద టోపీ లేదు. సేఫ్టీ ఆఫీసరు చూస్తే ఈడి ఉజ్జోగం పోద్ది" అనేవాడు. పిల్లలు అయిదో అంతస్తు దగ్గర, మహా అయితే ఎనిమిదో అంతస్తు దగ్గర చచ్చిపోయేవారు.

అత్త మొదట్లో కన్నెత్తి చూసేది కాదు. ఒక మధ్యాహ్నం కరెంటు మోటారు చెడి నీళ్ళు రాక, పనేమీ తోచక, పలక చేతిలోకి తీసుకుంది. అంతే. మిషను తొక్కీ తొక్కీ, సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ ఆవిడ చేతికీ కంటికీ ఒక లెక్క కుదిరి ఉండేది. గబ్బిలం ఎగరకముందే ఆవిడ బొటనవేలు కదిలేది. నెల తిరిగేసరికి పన్నెండో అంతస్తు, వానలు పడేసరికి పదిహేడు. ఒక్కో అంతస్తునీ బ్రౌను కాగితం మీద, జాకెట్టు కొలత గీసినట్టు, సుద్దముక్కతో గీసుకునేది. ఎక్కడ రాయి పడుతుందో అక్కడ గుండుసూది గుచ్చేది. పిల్లలు ఆడాలంటే ఒక షరతు పెట్టింది. ఒక జాకెట్టుకి హుక్కులు కుట్టాలి, లేదా ఒక లంగా అంచు హెమ్మింగ్ చెయ్యాలి. అప్పుడు ఒక ఆట. అందువల్ల మా టౌన్‌షిప్‌లో ఒక తరం మగపిల్లలందరికీ హుక్కులు కుట్టడం వచ్చు. వాళ్ళలో ఒకరిద్దరు ఇప్పుడు పెద్ద ఇంజినీర్లు. ఎదురుపడితే నేను వాళ్ళ చొక్కా గుండీల వైపు చూస్తాను, వాళ్ళు నవ్వుతారు.

దసరాకి కొంచెం ముందు అత్త ఇరవయ్యో అంతస్తు దాటింది. అప్పుడు గదిలో మామయ్య తప్ప ఎవరూ లేరు. ఆయన కునుకు తీస్తున్నాడు. మర్నాడు ఆవిడ చెప్తే ఎవరూ నమ్మలేదు. ఆఫీసర్ల కాలనీ పిల్లలైతే ఈ ఆటకి అసలు చివరే లేదని, ఇరవై తరవాత మళ్ళీ ఒకటి వస్తుందని తేల్చేశారు. కుట్టుపని చేసుకునే అత్త తమకంటే ముందు చివరకి చేరిందన్నది వాళ్ళకి మింగుడు పడలేదని నాకిప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. బజార్లో పెళ్ళి వీడియోలు తీసే దూబే దగ్గరికి నేనే వెళ్ళాను. టీవీలో వచ్చే బొమ్మని అతని వీసీఆర్‌లోకి ఎక్కించవచ్చా అని అడిగాను. వైరు ఇటునుంచి అటు మార్చితే చాలన్నాడు. అతనికీ సరదా పుట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం వీసీఆర్ మోసుకుని వచ్చాడు.

ఆ ఆదివారం గదిలో నిలబడే చోటు లేదు. కిటికీ చువ్వలకి కూడా పిల్లలు వేలాడారు. అత్త తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని కూర్చుంది. కేసెట్టులో తను పడదని, టీవీలో బొమ్మే పడుతుందని దూబే ఎంత చెప్పినా వినలేదు. మొదటి ఆట పదకొండులో పోయింది. రెండోది పందొమ్మిదిలో. మూడోసారి లాంతరు మనిషి ఇరవై దాటి, ఒక తలుపు తెరుచుకుని, ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. వెనకాల కొండలు, ఒక సూర్యుడు. పిల్లలు కేకలు పెట్టారు. అత్త పలక కింద పెట్టి కొంగుతో అరచేతులు తుడుచుకుంది. అప్పుడు తెర నల్లబడి ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చాయి. నేను అందరిలోకీ ఎక్కువ చదువుకున్నదాన్ని కదా, నన్ను చదవమన్నారు. గెలిచినవాళ్ళని మెచ్చుకునే మాటలేవో ఉంటాయనుకున్నాను. చదివితే, ఈ ఆట ఫలానా కంపెనీ వారిదని, ఫలానా దేశంలో ఫలానా ఊరని, అనుమతి లేకుండా దీనికి నకలు తీయడం, అమ్మడం నేరమని ఉంది.

దొంగ కేసెట్లు చేసినవాళ్ళు ఆట మొదట్లో కంపెనీ పేరు తుడిచేశారు. చివర్లోది తుడవలేదు. ఎందుకంటే వాళ్ళెప్పుడూ చివరిదాకా ఆడలేదు. ఈ సంగతి మాకు ఆ తరవాత తీరిగ్గా తట్టి, తలుచుకున్నప్పుడల్లా నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం మాత్రం అత్త పసుపు కేసెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే ఇది దొంగదా?" అంది. దూబే, ఇలాంటివి పట్టించుకోకండి భాభీ, బజారంతా ఇదే సరుకు అన్నాడు. వీడియో కేసెట్టుని మిషనులోంచి తీసి, శుభ్రంగా ఒక కాపీ చేసి ఇస్తానని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

కాపీ ఇచ్చాడు. దాన్ని బెంగాలీ దీదీ ఇంట్లో వేసి చూస్తే, లాంతరు మనిషి ఎండలోకి రాగానే ఆ నాలుగు వరుసల చోట గులాబీపూల మధ్య అతని షాపు పేరు, 'సమర్పణ' అన్న మాట మెరిశాయి. మొదట్లోనూ అదే. మంగత్త పేరు ఎక్కడా లేదు. ఇంకో రెండు వారాలకి జగదల్‌పూర్ నుంచి వచ్చిన ఒకాయన, అక్కడ వీడియో షాపుల్లో లాంతరు ఆట వీడియో అద్దెకి దొరుకుతోందని, పిల్లలు చూసి కిటుకులు నేర్చుకుంటున్నారని మామయ్యతో చెప్పాడు. అత్త అప్పుడు మా అమ్మ జాకెట్టుకి పిన్నులు పెడుతోంది. పెదవుల మధ్య గుండుసూదులు తియ్యకుండానే, "నేనాడిన ఆట నాది కాదా?" అంది. తరవాత సూదులు తీసి దిండుకి గుచ్చి, చెప్పులేసుకుని, నన్ను రమ్మని బజారుకి నడిచింది.

దూబే చెడ్డవాడు కాదు. అతనికి నిజంగానే తప్పేమీ కనిపించలేదు. టేపు నాది, మిషను నాది, వైరు నాది, మీరు దాని ముందు కూర్చున్నారు అంతే కదా భాభీ అన్నాడు. అత్త వెనక్కి తిరిగి షాపు మెట్లు దిగింది. దారిలో ఒక్క మాట అంది. "కూర్చున్న అంట, సుధా. చూసినవా?" ఆవిడ అలా చిన్నబోవడం నేను చూడటం అదే మొదటిసారి.

జగదల్‌పూర్‌లో నరసింహం గారని ఒక తెలుగు వకీలు ఉండేవారు. ముసలాయన. ఎవరెళ్ళినా ముందు మజ్జిగ ఇచ్చి తరవాత కేసు వినేవారు. అత్త నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. సంచిలో దూబే వీడియో కేసెట్టు, పసుపు ఆట కేసెట్టు రెండూ పెట్టింది. వకీలు గారు మొత్తం విని, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, చాలాసేపు నవ్వు ఆపుకున్నారు. చివరకి ఆగలేక నవ్వేశారు. "దొంగతనం జరిగిందని ఫిర్యాదుకి వస్తూ దొంగసొత్తు వెంట తెచ్చుకున్న కక్షిదారుని నేను మొదటిసారి చూస్తున్నానమ్మా" అన్నారు.

ఆ తరవాత ఓపికగా చెప్పారు. ఆట తయారుచేసినవాళ్ళది. బొమ్మలు, పాట, అంతస్తులు, లాంతరు, అన్నీ వాళ్ళ బుర్రలోంచి వచ్చినవి. దానికి నకళ్ళు తీసి అమ్మడం నేరం, అందులో అనుమానం లేదు. తెలియక కొన్నవాళ్ళని చట్టం కొంచెం మెత్తగా చూస్తుంది. తెలిసీ వాడుకున్నవాళ్ళని చూడదు. ఇక ఆటని ఆడుతుండగా రికార్డు చేయడం సంగతి. ఇంట్లో చూసుకోవడానికైతే ఎవరూ రారు. పదిమందికి చూపించడానికి, అద్దెకిచ్చుకోవడానికైతే తయారుచేసినవాళ్ళని అడగాలి. దూబే అడగలేదు. అత్త ఆడిన నేర్పు ఎవరిదన్నది మాత్రం తనకి తెలియదన్నారు. పాట పాడినవాళ్ళకి హక్కుందంటే ఒప్పుకుంటారు, ఆట ఆడినవాళ్ళ గురించి ఇంతవరకూ ఏ కోర్టులోనూ తను వినలేదన్నారు. ఫిర్యాదు ఇస్తే పోలీసులు మొట్టమొదట వచ్చేది మీ ఇంటికేనమ్మా, అది కంపెనీ క్వార్టరు, మీ ఆయన ఉద్యోగం కూడా చూసుకోండి అని నెమ్మదిగా అన్నారు. ఫీజెంతని మేము అడిగితే, తన మనవడు ఆ ఆటలో తొమ్మిదో అంతస్తు దగ్గర ఇరుక్కుపోయాడని, కిటుకు చెప్పమని అడిగారు. అత్త ఆయన బల్ల మీద కాగితం తీసుకుని గీసిచ్చింది.

తిరుగు బస్సు గీదంలో ఆగింది. దొన్నెల్లో వేడి వేడి భజియాలు తిన్నాం. బస్సు మళ్ళీ కదిలాక అత్త, "ఫిర్యాదు ఇయ్యను. కానీ తెల్సినంక ఇంట్ల పెట్టుకోను" అంది. "నా పనిని వాడు ఎత్తుకుపోతే నాకు మండింది. వాళ్ళ పనిని నేను సంవత్సరం సంది ఎత్తుకుని కూసున్న. వాళ్ళకు మండదా?" ఇంటికి రాగానే నల్లపెట్టెనీ పసుపు కేసెట్లనీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం వచ్చిన పిల్లలకి ఇక ఆట లేదని చెప్పింది. వాళ్ళు నమ్మలేక, ఆ వారమంతా అడక్కుండానే హుక్కులు కుట్టి చూశారు.

కథ అక్కడితో ఆగేదే. కానీ కొద్దిరోజులకి పోలీసులు దొంగ సినిమా కేసెట్ల కోసం బజారు షాపులన్నీ వెతికారు. దూబే దగ్గర సినిమాలతో పాటు లాంతరు ఆట వీడియోలూ, అమ్మకానికి తెచ్చిపెట్టుకున్న పసుపు కేసెట్లూ దొరికాయి. ఆట వీడియో తన సొంత తయారీ అని, చూడండి నా పేరే ఉందని అతను వాదించాడు. ఆట కేసెట్ల మీద ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరి సొత్తూ కాదన్నాడు. భయంలో అత్త పేరు కూడా చెప్పాడు. మర్నాడు పొద్దున ఒక కానిస్టేబులు సైకిలు మీద వచ్చి, సామాను తీసుకుని పోలీసు థానాకి రమ్మన్నారని చెప్పి వెళ్ళాడు.

మామయ్యకి భయం పట్టుకుంది. క్వార్టర్లో వ్యాపారం చేస్తున్నారని రాస్తే క్వార్టరు పోతుంది, దాని వెనకే ఉద్యోగానికీ ముప్పు. "ఏటే మంగా, తెలీదని చెప్పెయ్. పిల్లలెవరో తెచ్చారని చెప్పెయ్. ఎల్లిపోద్ది" అన్నాడు. అత్త ట్రంకు తాళం తీస్తూ, "ఏంది, పిల్లల మీద పెట్టమంటవా?" అంది. ఆయన సైకిలు కేరియరు మీద ట్రంకు కట్టాడు. నేను వెనక పట్టుకుని నడిచాను. అత్త ముందు నడిచింది.

ఆ స్టేషను పెద్ద, థానేదారు, రాయ్‌గఢ్ వైపు మనిషి. మీసాలు పెద్దవి, గొంతు చిన్నది. బల్ల మీద సరుకంతా పరిచి ఉంది. దూబే ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. థానేదారు అడిగినవాటికి అత్త హిందీలో నెమ్మదిగా జవాబు చెప్పింది. జాతరలో కొన్నాను, దొంగదని తెలియదు, తెలిశాక తాళం వేశాను, పిల్లల దగ్గర డబ్బు తీసుకోలేదు, హుక్కులు కుట్టించుకున్నాను అంది. ఆయన రాసుకుంటున్నవాడల్లా హుక్కుల దగ్గర ఆగి తలెత్తాడు. తరవాత, అసలు ఇది ఎవరి ఆటో, నకలని రుజువేమిటో తేలకపోతే నేనేం రాయాలి, దీని మీద పేరే లేదు కదా అని విసుక్కున్నాడు. అప్పుడు అత్త అంది. "పేరు ఉన్నది సాబ్. లోపల చివరిదాకా పోతే కనబడతది. నేను చూపిస్త."

ఆ మాట విని మామయ్య కళ్ళు మూసుకున్నాడు. చూపిస్తే ఆ కేసెట్టు దొంగదని తనే నిరూపించినట్టు. చూపించలేకపోతే అబద్ధం చెప్పినట్టు. థానేదారు కాసేపు ఆలోచించి, దూబే షాపు నుంచి తెచ్చిన టీవీనే బల్ల మీద పెట్టించాడు. అత్త బల్లకి ఎదురుగా కుర్చీలో కూర్చుని, కొంగు బిగించి, పలక అందుకుంది.

మొదటి ఆట పద్నాలుగో అంతస్తులో పోయింది. సరిగ్గా అప్పుడే ఒక కానిస్టేబులు టీలో చక్కెర ఎంతని అడిగాడు. థానేదారు అతన్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. టీ బయటే ఆపించాడు. రెండో ఆట మొదలైంది. ఎనిమిది దాటాక స్టేషను రైటరు కలం పక్కన పెట్టాడు. పన్నెండు దాటాక గుమ్మంలో సెంట్రీ లోపలికి జరిగాడు. పదిహేనులో పైనుంచి రాయి పడబోతుంటే థానేదారు తనకి తెలియకుండానే కుర్చీలో పక్కకి ఒరిగాడు. దూబే స్టూలు జరుపుకుని దగ్గరికి వచ్చాడు. అతను తన కేసు సంగతి మరిచిపోయి ఎడమకి, ఎడమకి అని గొణుగుతున్నాడు. ఫిర్యాదు చేయడానికి వచ్చిన ఒక ముసలి జంట కూడా వెనక నిలబడి చూస్తోంది. పందొమ్మిదిలో నూనె అడుగంటింది. అత్త ముఖం చూశాను. సూదిలో దారం ఎక్కించేటప్పటి ముఖమే. భయం లేదు, సంతోషం లేదు, పని ఉంది. లాంతరు మనిషి తలుపు తెరుచుకుని ఎండలోకి వచ్చాడు. తెర నల్లబడింది. నాలుగు వరుసలు వచ్చాయి.

నేను పెద్దగా చదివి హిందీలో చెప్పాను. రైటరు అక్షరం అక్షరం కూడబలుక్కుని కాగితం మీదకి ఎక్కించాడు. ఫలానా కంపెనీ, ఫలానా ఊరు, ఫలానా దేశం. దూబే తల దించుకున్నాడు. థానేదారు చాలాసేపు రాశాడు. ఆట కేసెట్లు, వీడియోలు అన్నీ జప్తు. అమ్మకానికి పెట్టిన దూబే మీద, జాతరలో ఆ దుప్పటి పరిచే మనిషి మీద కేసు. అత్త తనంతట తనే తెచ్చి అప్పగించిందని, డబ్బు తీసుకున్న ఆధారం లేదని రాసి, ఇకముందు ఇలాంటివి కొనొద్దని హెచ్చరించి పంపించేశాడు. క్వార్టరు మాటే ఎత్తలేదు. మేము లేచాక మాత్రం గొంతు ఇంకా తగ్గించి, ఆ పదిహేనో అంతస్తులో రాయి పడే ముందు మీకెలా తెలిసింది అని అడిగాడు. కాసేపు చూస్తే దానికో వరస ఉంటదని చెప్పింది అత్త. బయటికి వచ్చి మామయ్య సైకిలు తీసి, ఖాళీ కేరియరు చూసుకుని, "కూకో మంగా, తొక్కుతాను" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన ఆవిడని సైకిలెక్కించుకుని తిరిగింది లేదు. నన్ను నడిచి రమ్మన్నారు.

దూబే కొన్నాళ్ళు షాపు మూసి, మళ్ళీ పెళ్ళిళ్ళకి మళ్ళాడు. నా పెళ్ళి వీడియో కూడా అతనే తీశాడు. ఎన్ని కాపీలు తీశాడో అత్త దగ్గరుండి చూసుకుంది. మొదట్లో ఎవరెవరి పేర్లు పడాలో కాగితం మీద రాయించి ఇచ్చింది.

ఇదంతా విన్నాక సాహితి, మరి ఇప్పుడు చట్టం ఏమంటుందని అడిగింది. తనే ఫోనులో వెతికి నాకు చదివి వినిపించింది. ఇప్పుడు చాలా కంపెనీలు, మా ఆట ఆడుతూ వీడియో తీసుకోండి, ఇవిగో షరతులని ముందే రాసి పెడుతున్నాయట. కొన్ని ఒప్పుకోవట. పాట వేరేవాళ్ళదైతే అదొక పేచీ. దొంగ నకలు మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. తను షరతులు చదవకుండా పెట్టానని ఒప్పుకుంది. నాకనిపించింది, అప్పటితో పోలిస్తే ఈ పిల్లలకి దారి సులువైంది. తెలుసుకోవాలంటే బస్సెక్కి జగదల్‌పూర్ పోనక్కర్లేదు. పేరు కోసం ఇరవై అంతస్తులు దిగనక్కర్లేదు. కానీ మాకు ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. మజ్జిగిచ్చే వకీలు, రాయి పడుతుంటే ఒరిగిపోయే థానేదారు, తల దించుకునే దూబే. సాహితికి వచ్చిన నోటీసు కింద ఎవరి సంతకమూ లేదు. తిరిగి రాద్దామంటే జవాబులు తీసుకోని చిరునామా. అది కష్టమే. అంతమాత్రాన అప్పటి రోజులే బాగున్నాయని అనలేను. మా ఎర్రకాలవ పక్కన పెరిగిన ఆడపిల్ల ఏదైనా ఆట బాగా ఆడితే, అది నలుగురికీ తెలియడానికి అప్పుడు పోలీసుస్టేషను దాకా పోవలసి వచ్చింది.

అత్త ఆ తరవాత చేసిన పని ఇంకొకటి ఉంది. థానా నుంచి వచ్చిన వారానికి నన్ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. ఆవిడ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో పెట్టాను. మీ ఆట నకలని తెలియక సంవత్సరం పాటు ఆడుకున్నాము, క్షమించండి, కేసెట్లు పోలీసులకి ఇచ్చేశాము. ఆట చాలా బాగా కుట్టారు. కుట్టారు అనొద్దు అత్తా, తయారుచేశారు అనాలి అంటే ఒప్పుకోలేదు, కుట్టారనే రాయమంది. ఎప్పుడైనా అసలుది కొనుక్కుంటే, ఆడుతూ రికార్డు చేసి మా పిల్లలకి చూపించుకోవచ్చా? ఇట్లు, మంగ. చిరునామాగా తెర మీద చూసిన కంపెనీ పేరు, ఊరు, దేశం అంతే రాశాము. పోస్టాఫీసులో గుమాస్తా, ఇది చేరదమ్మా అన్నాడు. చేరకపోతే పోనీ, అడిగినట్టు నాకు తెలుస్తది కదా అంది.

మళ్ళీ ఇప్పపూలు రాలే కాలానికి జవాబు వచ్చింది. పలచటి కవరు, మీద ఎవరూ చూడని తపాలా బిళ్ళలు. మామయ్య డ్యూటీ దిగి ఎర్రగా ఉన్నవాడు ఉన్నట్టే గుమ్మంలో నిలబడ్డాడు. నేను చదివి చెప్పాను. మంగ గారికి, ఆట పూర్తి చేసినందుకు అభినందనలు. ఇంట్లో ఆడుకుంటూ మీ కోసం రికార్డు చేసుకుంటే మాకు అభ్యంతరం లేదు. నలుగురికి ప్రదర్శించడానికి, నకళ్ళు తీయడానికి అనుమతి ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. కింద చేత్తో చేసిన సంతకం ఉంది.

"ఇంతా చేసి వద్దన్నారు కదే" అన్నాడు మామయ్య.

అత్త నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఏ చోట ఉందో చూపించమంటే, మొదటి వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద బొటనవేలు ఒకసారి నడిపింది.

"వద్దనడానికైనా నా పేరు రాసిండ్రు" అంది.